నాలుగు మూలలు, ఒక వించి, మా నాన్న

పోయిన వారం ఆఫీసులో ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, పాపప్ క్యాంపర్ ఒకటి చవగ్గా వస్తోంది, కొనమంటావా?" అని అడిగాడు. "కొనుక్కో. ఇంతకీ మీ నాన్నగారు ఏం పని చేసేవారు?" అన్నాను. వాడు నా వంక అదోలా చూసి వెళ్ళిపోయాడు. వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాసేస్తే ఓ పనైపోతుంది.

పాపప్ క్యాంపర్ అంటే తెలియని వాళ్ళకి: కారు వెనక తగిలించుకుని పోయే చక్రాల పెట్టె. దారిలో నడుముదాకా ఎత్తుండే పెట్టెలాగే ఉంటుంది. క్యాంపుకి చేరాక ముందున్న వించి హ్యాండిల్ పట్టుకుని తిప్పితే పైకప్పు నాలుగడుగులు పైకి లేస్తుంది. ముందొక మంచం, వెనకొక మంచం బయటికి లాగుతారు. చుట్టూ క్యాన్వాస్ గోడలు. మా చిలకలూరిపేట వాళ్ళకి ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, టార్పాలిన్ కట్టిన పత్తి లారీని కుదించి లోపల పరుపులు వేస్తే అదే పాపప్ క్యాంపర్ :)

2019 ఏప్రిల్లో ఇండియానాపోలిస్ దగ్గర మేముండే ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర 1,800 డాలర్లకి కొన్నాను. 2001 మోడల్. కంపెనీ పేరు చెప్పను, తప్పు దానిది కాదు కాబట్టి. మన తెలుగు మిత్రులు "డేరా కొన్నావంట కదా, సర్కస్ ఎప్పుడు?" అని వారం రోజులు ఆడుకున్నారు. మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు. ఆరు నెలల స్టే. అమ్మకి మనవరాలుంది, కాలక్షేపానికి లోటు లేదు. నాన్నకే ఏమీ లేదు. పొద్దున్నే లేచి గరాజ్ తలుపు తీసుకుని, కుర్చీ వేసుకుని, రోడ్డు మీద ఒక్క మనిషీ కనపడని వీధిని చూస్తూ కూర్చునేవాడు. అమెరికాలో మన తల్లిదండ్రుల సంగతి అందరికీ తెలిసిందే, దాని మీద నేను కొత్తగా రాసేదేం లేదు.

నాన్న పేటలో ఒక జిన్నింగు మిల్లులో 31 ఏళ్ళు ఫిట్టరుగా చేశాడు. పత్తి నించి దూదినీ గింజనీ వేరు చేసే డబుల్ రోలర్ జిన్నులు ఉంటాయి కదా, వాటి రోలర్లూ కత్తులూ సరిచెయ్యడం ఆయన పని. రోలరు పొడవునా కత్తి ఒకే ఒత్తిడితో ఆనాలి. ఒక చివర గట్టిగా, ఇంకో చివర వదులుగా ఉంటే గింజ నలుగుతుంది, దూది చెడుతుంది, రోలరు తోలు కాలుతుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పట్లో తెలిసింది ఆయన చొక్కా మీద గ్రీజు మరకలు మాత్రమే. వాళ్ళు వచ్చిన రెండో వారంలో మా ఇంట్లో పాట్‌లక్ పెట్టుకున్నాం. ఎవరో అడిగారు, "అంకుల్ ఏం చేసేవారు?" అని. నాన్న నోరు తెరిచేలోపు నేను "కాటన్ ఇండస్ట్రీలో ఉండేవారు" అనేశాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. నాన్న నా వైపు ఒకసారి చూసి, ప్లేటులో పులిహోర కలుపుకున్నాడు.

సరే, క్యాంపర్ విషయానికొద్దాం.

మొదటిసారి పూర్తిగా లేపినప్పుడు వెనక ఎడమ మూల మూడంగుళాలు దిగి ఉంది. పైకప్పుకి వేలాడే తలుపు గొళ్ళెం పడలేదు. ఒక వాన పడితే ఆ మూలంతా నీళ్ళు నిలిచాయి. యంత్రం సంగతి ఇదీ: ముందు వించి, దాని నించి లావుపాటి వైరు రోప్ ఒకటి నేల కిందకి పోయి ఒక ఇనప పలకని లాగుతుంది. ఆ పలక నించి నాలుగు సన్న కేబుళ్ళు నాలుగు మూలలకి పోతాయి. మూలలో కప్పీ మీదుగా కేబుల్ లాగినప్పుడు, వంపు తిరిగిన గొట్టంలో ఉన్న గట్టి స్ప్రింగు పైకి నెట్టుకుపోయి, ఒకదానిలో ఒకటి దూరిన చదరపు గొట్టాలని లేపుతుంది. అంటే హ్యాండిల్ ఒకటే, మూలలు నాలుగు. ఏ మూలైనా మొరాయిస్తే మిగతా మూడూ లేస్తాయి, కప్పు మెలి తిరుగుతుంది. పలక దగ్గర ప్రతి కేబుల్ చివరా మరలున్న బోల్టు, దానికి నట్లు. బిగిస్తే ఆ మూల లేస్తుంది, వదిలితే దిగుతుంది.

ఇది చూసి నేను తెగ సంబరపడ్డాను. నాలుగు పారామీటర్లు, ఒక ఔట్‌పుట్, ఇదెంత పని! కప్పు అంచు మీద రసమట్టం పెట్టాను, వెనక ఎడమ నట్టు బిగించాను. ఆ మూల లేచింది. ముందు కుడి దిగినట్టు కనిపించింది, అది బిగించాను. ఈసారి వెనక కుడి. ఇంతలో మూలల్లో ఉన్న జాకీలు గుర్తొచ్చి, దిగిన మూల కింద జాకీని బలంగా తిప్పాను. హ్యాండిల్ తిప్పుతుంటే టిక్‌టిక్ మంటూ ఒకటే రొద, అందుకని వించి నిండా నూనె స్ప్రే చేశాను. ఇలా మూడు ఆదివారాలు. మూడో ఆదివారానికి కప్పు కోడు విరిగిన నులక మంచంలా తయారైంది. ఒక మూల క్యాన్వాస్ జిప్పు పక్కన జానెడు మేర చిరిగింది కూడా. నాన్న కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. రెండో వారం ఒకసారి లేచి దగ్గరకొస్తే, "నీకెందుకు నాన్నా, ఎండలో, లోపలికెళ్ళు" అన్నాను. వెళ్ళిపోయాడు.

మూడో ఆదివారం సాయంత్రం పానా విసిరేసి మెట్ల మీద కూలబడితే అప్పుడడిగాడు.

"దేన్ని బట్టి కొలుస్తన్నావు రా?"

"రసమట్టం ఉంది కదా నాన్నా."

"అది భూమిని బట్టి చెప్పుద్ది. బండి భూమ్మీద సరిగ్గా నిలబడుందా?"

లేదు. మా డ్రైవ్‌వే వాన నీళ్ళు పోవడానికి రోడ్డు వైపు వాలుగా ఉంది, ఒక పక్కకి కాస్త ఒరుగు కూడా. పైగా నేను జాకీలతో మూలలు ఎత్తబోయి చాసీనే మెలిపెట్టాను. ఆ జాకీలు బండి ఊగకుండా ఆనించడానికే గానీ ఎత్తడానికి కాదు. ఒరిగిన బండి మీద కప్పుని భూమికి సమానం చేయబోయాను నేను! రోజూ ఆఫీసులో రూట్ కాజ్ అని పది స్లైడ్లు వేసే మనిషిని.

మర్నాడు సాయంత్రం హోమ్ డిపోలో 30 అడుగుల తెల్ల ప్లాస్టిక్ ట్యూబు కొనిపించాడు. ఇంటికొచ్చి దాంట్లో నీళ్ళు పోసి, కనపడటానికి అమ్మ దగ్గర చిటికెడు పసుపు తీసుకుని కలిపాడు. మన తాపీ మేస్త్రీలు గోడలకి మట్టం చూసే పద్ధతే. రెండు చివర్లలో నీళ్ళు ఎక్కడున్నా ఒకే ఎత్తులో ఉంటాయి, బ్యాటరీ అక్కర్లేదు, క్యాలిబ్రేషన్ అక్కర్లేదు. ఒక్క గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. జాకీలన్నీ వదిలేయించాడు. దిగువ వైపు చక్రం కింద చెక్కలు పెట్టి బండి ఎక్కించాం. ముందు వెనకల తేడా ముందున్న జాకీతో సరిచేశాం. చాసీ నాలుగు మూలలా పసుపు నీళ్ళు ఒకే గీత మీదకి వచ్చాక అప్పుడు జాకీలు ఊరికే ఆనించాడు. ఇహ తర్వాత కొలత భూమి నించి కాదు. పెట్టె అంచు నించి కప్పు అడుగుకి, టేపుతో, నాలుగు మూలలా.

ఇంకో పని చేశాడు. టార్చి పట్టుకుని పలక దగ్గర బోల్టులు చూశాడు. పాత తుప్పు ఎక్కడ ఆగిందో, మరలు ఎక్కడ మెరుస్తున్నాయో చూస్తే నా చేయి పడకముందు నట్టు ఎక్కడుండేదో తెలిసిపోయింది. నాలుగూ ఆ గీతకే తిప్పేశాడు. మూడు ఆదివారాల నా కమిట్లన్నీ పది నిమిషాల్లో రోల్‌బ్యాక్ :) మళ్ళీ కొలిస్తే మూడు మూలలు పావంగుళం తేడాలో ఉన్నాయి. వెనక ఎడమ ఒక్కటే అంగుళం ముప్పావు తక్కువ. మిగతా అంగుళంపావు నా డ్రైవ్‌వేదీ నాదీ.

"ఇప్పుడు బిగించమంటావా?" అన్నాను పానా పట్టుకుని.

"ఎందుకు దిగిందో చూడకుండానా?"

పాత నూలు తువ్వాలు ఒకటి చేతికి చుట్టుకుని కేబుల్ పొడవునా నిమిరాడు. వెనక కప్పీకి జానెడు దూరంలో తువ్వాలు పట్టేసుకుంది. కేబుల్లో పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. వట్టి చేత్తో తడిమితే చెయ్యి చీరుకుపోయేది. పైనించి చూస్తే తెలియదు, దూది పట్టుకుంటుంది. కప్పీ తుప్పుపట్టి తిరగడం మానేసి ఎన్నాళ్ళయిందో. కేబుల్ దాని మీద రాసుకుంటూ పోయి ఇనుములో గాడి పడింది. నేను ఆ మూలని ఇంకో రెండు చుట్లు బిగించి ఉంటే ఎప్పుడో ఒక రోజు లోపల పిల్ల ఉండగా తెగేది.

కేబుల్ మార్చాలంటే దాని మీద బరువు తియ్యాలి. నాన్న నాలుగు కర్రలు కోయించాడు, టూ బై ఫోర్ అంటారే అవి, కప్పు ఎత్తుకి ఒక అంగుళం తక్కువగా. నాలుగు మూలలా పోట్లు పెట్టాడు. "వించికి బ్రేకు ఉంటుంది నాన్నా, ఇవెందుకు?" అన్నాను. జవాబివ్వలేదు. మెల్లగా వెనక్కి తిప్పుతూ, పోట్ల మీద ఆనిందో లేదో చూద్దామని హ్యాండిల్ వదిలి, పెట్టె గోడకీ కప్పుకీ మధ్య చెయ్యీ తలా లోపలికి పెట్టాను.

హ్యాండిల్ గిర్రున తిరిగింది. కప్పు దభీమని పోట్ల మీద పడింది. అంగుళమే.

ఏసీ లేకపోయినా మూడు నాలుగు వందల పౌండ్ల కప్పు అది. పోట్లు లేకపోతే నాలుగడుగులు. చాలాసేపు చెయ్యి వెనక్కి తీసుకోవాలని కూడా తోచలేదు నాకు. అమ్మ లోపల్నించి "ఏంటా చప్పుడు?" అంటే నాన్న "ఏం లేదులే" అన్నాడు. తర్వాత వించి దగ్గరికెళ్ళి, వేలితో రాసి, వాసన చూసి అడిగాడు: "నూనె ఎవడు పోశాడు?"

ఎవరైనా క్యాంపర్ కొనబోతుంటే ఈ ఒక్క పేరా చదివితే చాలు. ఈ రకం వించిలో బ్రేకు రాపిడి మీద పనిచేస్తుంది. ఆ టిక్‌టిక్ చప్పుడు బ్రేకు పళ్ళది, అది ఉండాల్సిందే. గేరు పళ్ళకి కాస్త గ్రీజు పెట్టచ్చు, లేచే గొట్టాలకి సిలికాన్ స్ప్రే కొట్టచ్చు, బ్రేకు బిళ్ళలకి మాత్రం నూనె చుక్క తగలకూడదు. చప్పుడు చికాకుగా ఉందని నేను నోరు నొక్కింది దేన్నో ఇప్పుడర్థమైంది కదా.

మా నాన్న కుడిచేతి ఉంగరం వేలికి చివరి కణుపు లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నించీ అంతే. ఎప్పుడూ అడగలేదు, పుట్టుకతోనే అనుకున్నానో ఏమో. ఆ రాత్రి గరాజ్‌లో చెప్పాడు. నేను పుట్టకముందు ఒక సీజన్లో, జిన్ను ఆపి కత్తి సర్దుతుంటే, ఆపిన సంగతి తెలియక వేరేవాడు బెల్టు వేశాడట. "తప్పు వాడిది కాదు. బెల్టు తీసి పక్కన పడేసి గదా నేను చెయ్యి పెట్టాల్సింది" అన్నాడు. అప్పట్నించీ ఏ యంత్రం కిందకి చెయ్యి పోవాలన్నా ముందు పోటు పెట్టడమే.

విడిభాగాల కోసం ఆ శనివారం ఎల్క్‌హార్ట్ వైపు వెళ్ళాం, మూడు గంటల దారి. అమెరికాలో ఇలాంటి బళ్ళకి పుట్టిల్లు ఆ జిల్లా. పక్కనే మిడిల్‌బరీలో లాయిడ్ బాంట్రేగర్ అనే ఆయన 1968లో తన పొలంలో కోళ్ళషెడ్డు లాంటి కొట్టాల్లో జేకో కంపెనీ మొదలుపెట్టాడు. మడత క్యాంపర్ల కప్పు లేపే పద్ధతి ఒకటి సొంతంగా తయారుచేసుకుని మరీ దిగాడు. ఇది చెప్తే నాన్న పెద్దగా పట్టించుకోలేదు గానీ, రోడ్డు పక్క ఆమిష్ వాళ్ళ గుర్రబ్బళ్ళు కనపడేసరికి కారు ఆపించాడు. బండి ఇరుసు, చక్రం, కళ్ళెం అన్నీ దూరం నించే పరీక్ష చేశాడు. అక్కడి నించి మాట కోటప్పకొండ ప్రభల మీదకి మళ్ళింది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మహాశివరాత్రికి కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకి మా చుట్టుపక్కల ఊళ్ళు, పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల, యడవల్లి వగైరా, ఒక్కో ఊరు ఒక్కో ప్రభ కట్టుకుని పోతాయి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు, ఒళ్ళంతా కరెంటు దీపాలు, జనరేటరు. ఇప్పుడు క్రేన్లూ ట్రాక్టర్లూ వచ్చాయి గానీ నాన్న కుర్రతనంలో మనుషులే మోకులు పట్టి లేపేవాళ్ళు, ఎడ్లు లాగేవి. నాలుగు వైపులా మోకులు. నాన్న ఎడమ మోకు.

"మోకు పట్టినోడికి ప్రభ ఒరగటం కనపడదురా. వాడికి తన చేతిలో బరువే తెలుస్తది. దూరంగా నిలబడి చూసేవాడు ఒకడుండాల. వాడు ఆగమంటే ఆగాల, వదలమంటే వదలాల" అన్నాడు. నేను మూడు వారాలు మోకు పట్టుకునీ నేనే, దూరం నించి చూసేవాడినీ నేనే అనుకున్నాను మరి.

కొట్లో కౌంటర్ దగ్గర డెబ్భై ఏళ్ళ ముసలాయన. నాన్న తెగిన కేబుల్ ముక్కా, అరిగిన కప్పీ బల్ల మీద పెట్టి, వేళ్ళతో సైజు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో తనే మాట్లాడాడు. వెనక రెండు మూలలకీ కేబుళ్ళు, నాలుగు కప్పీలు, వించికి కొత్త బ్రేకు బిళ్ళలు, యూ క్లాంపులు. ఒక్కదానికే కొంటే పోదా అంటే, "ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే సాగుడు ఒకేలా ఉండదు" అన్నాడు. ముసలాయన సామాను సర్దుతూ నాన్నని అడిగాడు, ఇదే పనా మీది అని. నేను పక్కనే ఉన్నాను. ఈసారి నోరు మూసుకున్నాను.

"ఐ ఫిట్టర్" అన్నాడు నాన్న. "జిన్నింగ్ మిల్. థర్టీ వన్ ఇయర్స్."

ముసలాయన కౌంటర్ చుట్టూ తిరిగి బయటికొచ్చి చెయ్యి కలిపాడు. తన తాత అలబామాలో పత్తి పండించేవాడట. ఇద్దరూ పావుగంట సేపు బేళ్ళ బరువు గురించి మాట్లాడుకున్నారు, నేను తర్జుమా చేశాను. మన దగ్గర బేలు 170 కిలోలు, ఇక్కడ 480 పౌండ్లు, అంటే 218 కిలోల దాకా. "మీదే పెద్దది" అన్నాడు నాన్న, ఆ ఒక్క విషయంలో అమెరికా గొప్పతనం ఒప్పుకుంటూ.

మిగతా పని రెండు రోజులు. యూ క్లాంపు నేను వేసినవి రెండూ తిరగేసి వేయించాడు. బరువు మోసే వైపు తాడుకి వెడల్పాటి దిమ్మె ఆనాలి, కోసేసిన చివర వైపుకి యూ బోల్టు రావాలి. తిరగబడితే యూ బోల్టు బరువు మోసే తాడునే నొక్కి పోగులు తెంపుతుంది. బిగించాక ఊరుకోలేదు. కొత్త కేబుల్ మొదట్లో సాగుతుందని పదిసార్లు లేపించి దింపించాడు. తను నలభై అడుగుల దూరంలో రోడ్డవతల నిలబడ్డాడు. నేను హ్యాండిల్ దగ్గర. "ఎడమ వెనక... చుట్టు సగం... ఆగు! ఆగమన్నానా లేదా!" ఆ గొంతు మా వీధి అమెరికన్లకి ఎలా వినపడిందో గానీ, ఎదురింటాయన లాన్ కోయడం ఆపి చూస్తూ నిలబడ్డాడు. చివరి కొలతకి నాలుగు మూలల మధ్య తేడా టేపులో ఒక చిన్న గీత.

జులైలో ఇండియానా డ్యూన్స్ వెళ్ళాం. ఆ ఏడే ఫిబ్రవరిలో దాన్ని నేషనల్ పార్కు చేశారు. రాత్రంతా మిషిగన్ సరస్సు మీంచి గాలీ వానా. ఒక్క చుక్క లోపలికి రాలేదు. నాన్న వెనక ఎడమ మూల మంచం తనే ఎంచుకుని పడుకున్నాడు. పొద్దున లేచి "పత్తి చేలో మంచె మీద పడుకున్నట్టుంది" అన్నాడు. తర్వాత మళ్ళీ ఎవరో మిత్రులింటికి వెళ్తే అంకుల్ ఏం చేసేవారన్న ప్రశ్న వచ్చింది. "ఫిట్టరు, పత్తి మిల్లులో" అన్నాను. నాన్న ఈసారి కూడా ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అమ్మతో "వాడు పానా పట్టుకోవడం కాస్త నయం" అన్నాడట. మా ఇంట్లో అంతకుమించిన ప్రశంస నాకు తెలిసి ఎవరికీ దక్కలేదు.

నవంబరులో వెళ్ళిపోయారు. ఆ తర్వాత కరోనా, ప్రయాణాలు లేవు, ఇప్పుడు ఆయన మోకాళ్ళు అంత దూరం ఒప్పుకోవట్లేదు. పేటలోనే ఉంటున్నారు. ఏటా ఇక్కడ మంచు కరిగే వేళకి ఫోనులో అడుగుతాడు, నాలుగు మూలలూ కొలిచావా అని. ఈ ఏడు కొలిచాను. వెనక ఎడమ అరంగుళం దిగింది.

"అంతా సమానంగానే ఉంది నాన్నా" అన్నాను.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

"ఎంత దిగింది?" అన్నాడు.